ఐదో యూనిట్ పరీక్షకి వస్తుందా?

సెమిస్టర్ ఆఖరి వారంలో క్లాసు ముగించి బయటికి వస్తుంటే ఒక విద్యార్థిని నా వెంటే నడుస్తూ అడిగింది. "మేడమ్, ఐదో యూనిట్ పరీక్షకి వస్తుందా? చాయిస్‌లో వదిలేస్తే ఇబ్బందా?"

యూనిట్‌కి ఒక ప్రశ్న వస్తుంది. ఐదింటిలో నాలుగు రాస్తే చాలు. "వస్తుందమ్మా, కానీ వదిలేసినా మార్కులకేం నష్టం లేదు" అన్నాను. హమ్మయ్య అనుకుంటూ వెళ్లిపోయింది. నేను చెప్పిన జవాబు మాత్రం రెండు రోజుల పాటు నన్ను వదల్లేదు.

ఆ పేపరు పేరు "శీతోష్ణస్థితి, పర్యావరణం, సమాజం". మొదటి యూనిట్‌లో సూర్యరశ్మి, భూమి వేడి లెక్క. రెండోదాంట్లో గాలులు, సముద్ర ప్రవాహాలు. మూడోదాంట్లో ప్రపంచ శీతోష్ణస్థితుల్ని అక్షరాల గుర్తులతో విభజించే కొప్పెన్ వర్గీకరణ. నాలుగోదాంట్లో కార్బన్, వాతావరణ మార్పు, దాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు. మనుషులు కనిపించేది ఐదోదాంట్లో. దాని శీర్షిక "సమాజంపై ప్రభావాలు, అనుసరణ". పేపరు పేరులోనే ఉన్న సమాజాన్ని ముట్టుకోకుండా ఫస్ట్ క్లాసు తెచ్చుకోవచ్చని నా నోటితో నేనే చెప్పాను.

నేను చూసిన చాలా జాగ్రఫీ సిలబస్సుల్లో ఇదే వరస. ముందు భౌతికం, చివర మానవం. చివరిది కాబట్టి సమయం చాలదు. రెండు క్లాసుల్లో పరుగులు పెట్టి ముగిస్తాం. పదకొండేళ్లుగా నేనూ అలాగే చేశాను.

ఈ వరస తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. సమాజాన్ని "ప్రభావాలు" అనే పేరుతో చివర పెడితే, ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా విద్యార్థి మనసులో ఒక కథ నాటుకుంటుంది. పైనుంచి వాతావరణం ఏదో చేస్తుంది, కింద మనుషులు అనుభవిస్తారు అన్నదే ఆ కథ. వాన కురిస్తే వరద, ఎండ కాస్తే చావులు, వాన పడకపోతే కరువు. ఈ కథ సగం అబద్ధం. మనం డిగ్రీ ఇచ్చి పంపే పిల్లలు దాన్నే మోసుకుని ఆఫీసుల్లోకి, బడుల్లోకి, పత్రికల్లోకి వెళ్తున్నారు.

ఐదు గీతల గ్రాఫు

నాలుగో యూనిట్‌లో అందరం చూపించే గ్రాఫు ఒకటుంది. వాతావరణ మార్పు మీద పరిశోధనల్ని మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2021లో ఇచ్చిన నివేదికలోది. ఈ శతాబ్దం చివరికి భూమి సగటు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో ఐదు రంగుల గీతల్లో ఉంటుంది. 1850-1900 నాటి సగటుతో పోలిస్తే, 2081-2100 నాటికి అన్నిటికంటే కింది గీత 1.4 డిగ్రీల దగ్గర, అన్నిటికంటే పై గీత 4.4 డిగ్రీల దగ్గర ఉంటాయి.

చాలా ఏళ్లు ఆ గ్రాఫుని భౌతికశాస్త్రంలా చెప్పాను. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి అడిగాడు. "సూర్యుడొకడే, గాలి ఒకటే, సూత్రాలు అవే కదా మేడమ్. మరి ఐదు గీతలెందుకు?"

ఎందుకంటే ఆ గీతల అడుగున ఉన్నది సమాజం. ఒక్కో గీత వెనక ఒక్కో ఊహ ఉంది. జనాభా ఎంత పెరుగుతుంది, ఎంతమంది చదువుకుంటారు, నగరాలు ఎలా పెరుగుతాయి, దేశాలు కలిసి పనిచేస్తాయా, ఎవరి దారి వాళ్లు చూసుకుంటాయా, బొగ్గు, చమురు ఎంత తగలబెడతారు అన్న ఊహ. ముందు వీటికి ఒక దారి అనుకుంటారు. దాన్నిబట్టి ఎంత కార్బన్ గాలిలోకి చేరుతుందో లెక్క కడతారు. భౌతిక మోడల్ పని ఆ తర్వాతే మొదలవుతుంది. అంటే ఐదో యూనిట్‌కి చెందాల్సిన విషయం లేకుండా నాలుగో యూనిట్‌లోని ముఖ్యమైన బొమ్మని గీయడమే కుదరదు. మనం ఆ బొమ్మ చూపిస్తాం, దాని అడుగు భాగాన్ని చాయిస్‌లో వదిలేయమంటాం.

భౌతికశాస్త్రంలో అనిశ్చితి లేదని కాదు. మధ్యలో ఉన్న గీతనే తీసుకుంటే, దాని అంచనా 2.7 డిగ్రీలు. చుట్టూ ఉన్న నీడ మాత్రం 2.1 నుంచి 3.5 దాకా పరుచుకుని ఉంటుంది. ఒకే దారిలో నడిచినా భూమి ఎంత గట్టిగా స్పందిస్తుందో చెప్పడంలో ఆ మాత్రం తేడా ఉంది. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య దూరం మనుషులది, ఒక్కో గీత చుట్టూ ఉన్న నీడ భౌతికశాస్త్రానిది. ఈ తేడా చెప్పడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాలు ఇన్నేళ్లుగా ఎందుకు కేటాయించలేదో నాకే అర్థం కావడం లేదు.

అదే సముద్రం, అదే తుఫాను

బంగాళాఖాతం ఉత్తరపు కొసన, ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో మూడు తుఫాన్లు. 1970 నవంబరులో వచ్చిన భోలా తుఫానులో మూడు నుంచి ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా. 1991 ఏప్రిల్‌లో వచ్చినదాంట్లో దాదాపు 1,38,000 మంది. 2007 నవంబరులో వచ్చిన సిడ్ర్‌లో అధికారిక లెక్క సుమారు 3,400. మూడూ భీకరమైన తుఫాన్లే. సిడ్ర్ గాలివేగం భోలా కంటే తక్కువేమీ కాదు. తీరంలో జనాభా అయితే ఈ మధ్యకాలంలో బాగా పెరిగింది కూడా.

ఈ మూడు అంకెలూ బోర్డు మీద రాసి ఎందుకిలా అని అడిగితే, మొదటి నాలుగు యూనిట్లూ బాగా చదివిన విద్యార్థి దగ్గర జవాబుండదు. పీడనం, గాలివేగం, ఉప్పెన ఎత్తు అన్నీ చెప్పగలడు. చావుల సంఖ్య వందో వంతుకి ఎలా పడిపోయిందో చెప్పలేడు. దానికి 1972లో మొదలైన తుఫాను సన్నద్ధత కార్యక్రమం గురించి తెలియాలి. మెగాఫోన్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన వేలమంది వాలంటీర్ల గురించి, స్తంభాల మీద కట్టిన కాంక్రీటు షెల్టర్ల గురించి తెలియాలి.

షెల్టర్ల దగ్గరే ఆగిపోతే కూడా అన్యాయమే. 1991లో 20 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లలో స్త్రీల మరణాల రేటు పురుషుల కంటే నాలుగు రెట్లకు పైగా ఉంది. ఉప్పెన నీరు ఆడా మగా చూసి రాదు. ఇంటాయన వచ్చి చెప్పేదాకా ఇల్లు కదలకూడదనుకున్నవాళ్లు ఉన్నారు. చంకలో పిల్లలతో, కాళ్లకి చుట్టుకునే చీరతో ఈదలేకపోయినవాళ్లు ఉన్నారు. మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టర్‌కి వెళ్లడానికి సంకోచించినవాళ్లు ఉన్నారు. ఇదంతా "ప్రభావం" అంటే ఎలా కుదురుతుంది? చావుకి కారణాల్లో ఇదీ ఒక కారణం. పీడనం పక్కనే దీన్నీ రాయాలి.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాల్సిన చోటు ఒకటుంది. ఈ పోలిక నాకు ఇష్టం కాబట్టి కొంతకాలం దీన్ని మరీ శుభ్రంగా చెప్పేశాను. సిడ్ర్ తీరం దాటింది సుందర్బన్స్ దగ్గర. అక్కడి మడ అడవులు ఉప్పెన బలాన్ని కొంత తగ్గించాయి. తగ్గిన చావుల్లో కొంత భాగం తుఫాను దారి వల్ల, చెట్ల వల్ల. మొత్తం ఘనత వాలంటీర్లకీ షెల్టర్లకీ ఇచ్చేస్తే అదీ సగం అబద్ధమే అవుతుంది.

సీనియర్ సహోద్యోగి అన్న మాట

ఈ ఆలోచనలన్నీ మా విభాగంలో భౌతిక శీతోష్ణశాస్త్రం చెప్పే ఒక సీనియర్ అధ్యాపకుడితో పంచుకున్నాను. ఓపికగా విన్నారు. విని ఇలా అన్నారు. "నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా. కానీ గ్రీన్‌హౌస్ ప్రభావం ఎలా పనిచేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పలేని పిల్లలు వాతావరణ న్యాయం గురించి పది పేజీలు రాస్తున్నారు. ఓజోన్ పొరకి చిల్లు పడి అందులోంచి ఎండ లోపలికి రావడం వల్ల భూమి వేడెక్కుతోందని మొన్న ఒక పీజీ విద్యార్థి రాశాడు. నువ్వు సమాజాన్ని ముందుకి తెస్తే, కష్టమైనది వదిలేయడానికి వాళ్లకి మంచి సాకు దొరుకుతుంది."

ఆయన మాట కొట్టిపారేయలేను. ఆ జవాబు పత్రాల్లాంటివి నేనూ దిద్దాను. పైగా ఆయన వైపు నిలబడే ఉదాహరణ ఒకటి నాకే తెలుసు. సహేల్ కరువు.

సహారా ఎడారికి దక్షిణాన, ఆఫ్రికా పడమటి కొస నుంచి తూర్పు దాకా సాగే ఆ పట్టీలో 1960ల చివర మొదలైన అనావృష్టి 1980ల దాకా మళ్లీ మళ్లీ దెబ్బకొట్టింది. లక్ష మందికి పైగా చనిపోయి ఉంటారు. తప్పు ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది వేలు చూపించింది పశువుల కాపరుల వైపు. పశువుల్ని మితిమీరి మేపారు, నేల బోసిపోయింది అన్నారు. 1975లో జూల్ చార్నీ అనే ప్రసిద్ధ వాతావరణ శాస్త్రవేత్త దానికి ఒక భౌతిక వివరణ ఇచ్చాడు. బోసి నేల ఎండని ఎక్కువగా తిప్పికొడుతుంది, దాంతో పైనున్న గాలి చల్లబడి కిందికి దిగుతుంది, వాన తగ్గుతుంది, నేల ఇంకా బోసిపోతుంది. వినడానికి ఎంత చక్కగా అమరిందో చూడండి. మనుషులు, నేల, గాలి అన్నీ కలిసిన కథ. నేను కోరుకునే రకం కథే. సంచార కాపరుల్ని ఒకచోట కూర్చోబెట్టాలి, మందలు తగ్గించాలి అనేవాళ్లకి ఈ కథ బాగా పనికొచ్చింది.

2003లో కొందరు పరిశోధకులు ఒక వాతావరణ మోడల్‌కి సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల చరిత్రని మాత్రమే ఇచ్చి నడిపారు. మేత గురించి, మందల గురించి ఏమీ చెప్పలేదు. అయినా సహేల్‌లో వానలు దశాబ్దాలుగా ఎలా తగ్గుతూ వచ్చాయో మోడల్ చాలావరకు చూపించింది. అసలు చెయ్యి మహాసముద్రాలది. నేల స్థితి ఆ దెబ్బని కొంత పెంచిందంతే. తర్వాతి పరిశోధనలు ఇంకో అడుగు వేశాయి. ఉత్తర అమెరికా, యూరప్ పొగగొట్టాల నుంచి వచ్చిన సల్ఫేటు రేణువులు ఉత్తర అట్లాంటిక్‌ని చల్లబరచడానికి, దాంతో సహేల్ వాన పట్టీ దక్షిణానికి జరగడానికి కొంత కారణమయ్యాయని చూపించాయి.

కాపరుల మీద పడిన నిందని దించింది భౌతికశాస్త్రం. మోడళ్లు, సముద్ర ఉష్ణోగ్రతలు, ఏరోసాల్స్ (గాలిలో తేలే అలాంటి సన్న రేణువులు) తెలియని విద్యార్థి సమాజం మీద ఎంత ప్రేమ ఉన్నా వాళ్ల పక్షాన నిలబడలేడు. మంచి మనసుతోనే తప్పు మనిషిని దోషిగా నిలబెడతాడు.

అందుకే సమాజాన్ని మొదటి యూనిట్ చేసి భౌతికాన్ని చివరికి నెట్టాలని నేను అనడం లేదు. మొదట్లో కొన్ని రోజులు అలాగే అనుకున్న మాట నిజం. సహేల్ నన్ను ఆ ఆలోచన నుంచి వెనక్కి లాగింది. ఇప్పుడు నేనంటున్నది, ఇవి విడివిడి యూనిట్లుగా ఉండకూడదని. ఒక కరువు తీసుకుని దాంతోనే మూడు వారాలు గడపాలి. సముద్ర ఉష్ణోగ్రత, వాన పట్టీ, మేత, పన్నులు, ధాన్యం ధర, నింద అన్నీ ఆ మూడు వారాల్లోనే రావాలి. తర్వాత ఒక తుఫాను. తర్వాత ఒక వడగాడ్పు. గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని సూత్రాలతో సహా చెప్పాలి, కష్టపెట్టి మరీ చెప్పాలి. అది ఎందుకు తెలియాలో అర్థమైన పిల్లలకి ఆ కష్టం బరువనిపించదని నా నమ్మకం.

పాత భయం

మన శాస్త్రం వాతావరణాన్నీ సమాజాన్నీ వేరువేరు గదుల్లో పెట్టడానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాగ్రఫీ పండితుడు ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1915లో ప్రపంచ పటం మీద శీతోష్ణస్థితి మనుషులకి ఎక్కడెక్కడ ఎంత చురుకుదనం ఇస్తుందో గీసి చూపించాడు. చల్లని సమశీతోష్ణ దేశాలు పైన, ఉష్ణమండలం కింద. ఎవరు ఏలాలో, ఎవరు సోమరులో థర్మామీటరు నిర్ణయిస్తుందన్నమాట. తర్వాతి కాలంలో ఆయన, "మేలైన" మనుషులే పిల్లల్ని కనాలని వాదించే అమెరికన్ యూజెనిక్స్ సొసైటీకి అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఆ సిగ్గుతో జాగ్రఫీ చాలాకాలం వాతావరణం పేరు చెప్పి సమాజం గురించి మాట్లాడటానికే జంకింది. భౌతికం ఒక గదికి, మానవం ఇంకో గదికి వెళ్లిపోయాయి.

ఆ జంకు అవసరమైనదే. ఇప్పటికీ "వేడి పెరిగితే యుద్ధాలు వస్తాయి", "వరదలు వస్తే కోట్లమంది సరిహద్దులు దాటుతారు" అని ఒక్క వాక్యంలో తేల్చేసే రాతలు చూస్తే నాకు హంటింగ్టన్ పటమే గుర్తొస్తుంది. అక్కడా మధ్యలో మనుషులు లేరు, ఇక్కడా లేరు. కానీ గదులు వేరు చేసినంత మాత్రాన ఆ ప్రమాదం పోలేదు. రెండూ కలిపి ఆలోచించడం నేర్పకపోతే, ఆ రెంటినీ మోటుగా అతికించేవాళ్ల చేతుల్లోకే పిల్లలు వెళ్తారు.

ఇదంతా రాజకీయం, క్లాసులో ఎందుకని కూడా ఒకరిద్దరు అన్నారు. ఎవరు ఎక్కడ చనిపోయారో లెక్కపెట్టడం రాజకీయమైతే, లెక్కపెట్టకపోవడమూ రాజకీయమే. దీని మీద ఇంతకంటే రాయాలని లేదు.

లోపల కొలవరా?

ఏటా పిల్లల్ని థర్మామీటర్లతో బయటికి తీసుకెళ్తాం. మధ్యాహ్నం రెండింటికి చెట్లున్న వీధిలో ఒక జట్టు, రేకుల ఇళ్లున్న వీధిలో ఒక జట్టు. గాలి ఉష్ణోగ్రత కొలవడానికి ఒక స్థిరమైన పద్ధతి ఉంది. థర్మామీటరు పెట్టడానికి తెల్ల రంగు వేసిన జాలీ పెట్టె, నీడ, గాలి ఆడాలి, కింద గడ్డి, నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తు. పోలికకి అది తప్పనిసరి. ఆ పద్ధతి లేకపోతే నూరేళ్ల రికార్డుకి అర్థమే ఉండదు.

రేకుల ఇళ్ల వీధిలో గుమ్మంలో కూర్చున్న ఒక పెద్దావిడ మా పిల్లల్ని చాలాసేపు చూసి అడిగింది. "బయట కొలుస్తున్నారు, లోపల కొలవరా నాయనా? మేముండేది లోపల కదా."

పిల్లలు నా వైపు చూశారు. సరేనని లోపలికి వెళ్లాం. బయటికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువుంది. "రాత్రి పదింటికి రండి, అప్పుడు చూడండి" అందావిడ. ఇద్దరు నిజంగానే వెళ్లారు. వీధి చల్లబడింది, గది చల్లబడలేదు. మర్నాడు ఆ అంకెలు రికార్డులో ఎక్కడ రాయాలని అడిగారు. మా ఫారంలో దానికి గడి లేదు.

అప్పట్నుంచి వడగాడ్పు పాఠం మొదలుపెట్టేటప్పుడు ఆ గదితోనే మొదలుపెడుతున్నాను. రేకు ఎండని ఎలా పీల్చుకుంటుంది, రాత్రిపూట వేడి ఆకాశంలోకి పోకుండా ఏది ఆపుతుంది, చెమట ఎందుకు ఆరదు, ఆ ఇంటికి కిటికీ ఎందుకు లేదు, ఆవిడ పగలు ఎక్కడికి వెళ్లగలదు. ఈ ప్రశ్నల్లో ఏది భౌతికం, ఏది మానవం అని పిల్లలు అడగలేదు. ఆ తర్వాత 1995 జులై నాటి షికాగోకి వెళ్తాం. ఆ వడగాడ్పు వల్ల అదనంగా చనిపోయినవాళ్లు 739 మంది. పక్కపక్కనే ఉన్న నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పేటలు రెంటిలోనూ ఒంటరిగా బతుకుతున్న పేద వృద్ధుల నిష్పత్తి దగ్గరదగ్గరగానే ఉంది. మొదటి పేటలో లక్షకి 40 చావులైతే రెండోదాంట్లో 4. జనం తిరిగే వీధులు, తెరిచి ఉన్న దుకాణాలు వృద్ధుల్ని బయటికి రప్పించాయని, ఖాళీ పడిపోయిన వీధులు ఇంట్లోనే బంధించాయని ఒక సమాజ శాస్త్రవేత్త వివరించాడు. 2006లో ఇంకో సమాజ శాస్త్రవేత్త దానికి గట్టిగా అభ్యంతరం చెప్పాడు. పేట లక్షణాలు చూసి పేటలో మనుషులు ఎందుకు చనిపోయారో చెప్పలేం, చనిపోయిన ఒక్కొక్కరి గురించి గడప గడపకీ వెళ్లి అడగాలన్నాడు. ఈ వాదం రెండు వైపులా చదివించడానికి ఒక క్లాసంతా పడుతుంది. కొప్పెన్ వర్గీకరణలో రెండో అక్షరం, మూడో అక్షరం బట్టీ పట్టించే క్లాసు ఒకటి దీనికి వదిలేశాను. కొప్పెన్ మీద నాకు గౌరవం తగ్గలేదు. పటం ఎదురుగా ఉంటే ఆ అక్షరాలు ఎవరైనా చదువుకోగలరు.

సిలబస్ మార్చడం నా చేతిలో లేదు. యూనిట్లు ఐదే ఉంటాయి, పరీక్షలో చాయిస్ కూడా అలాగే ఉంటుంది. నా చేతిలో ఉన్నవి ఇంటర్నల్ మార్కులు. ఈసారి చాయిస్ లేకుండా ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను. రెండు తీరాలు, ఒకే బలమున్న తుఫాను, గాలివేగాలు, ఉప్పెన ఎత్తు, జనాభా, చావుల సంఖ్య ఇచ్చి తేడాకి కారణం రాయమన్నాను. ఎక్కువమంది షెల్టర్ల గురించి రాశారు. కొందరు తీరం లోతు, ఉప్పెన గురించి రాశారు. ఇద్దరు ముగ్గురు రెండూ కలిపి రాశారు.

ఐదో యూనిట్ గురించి అడిగిన అమ్మాయి ఒక పేజీ మాత్రమే రాసింది. ఉప్పెన ఎత్తు రెండు చోట్లా ఎందుకు వేరుగా ఉందో మొదటి సగంలో సరిగ్గా చెప్పింది. రెండో సగంలో, మిగతా తేడాకి కారణం ఈ డేటాతో చెప్పలేనని, చనిపోయినవాళ్లలో ఆడవాళ్లెందరో, హెచ్చరిక విని కూడా కదలనివాళ్లెందరో, ఎందుకు కదల్లేదో తెలియాలని రాసింది. కింద, ఎవర్ని ఏం అడగాలో ఆరు ప్రశ్నలు. నేను తయారుచేసుకున్న కీలో దీనికి మార్కులు లేవు. ఆ కీ పక్కన పెట్టి మళ్లీ మొదటి పేపరు నుంచి దిద్దడం మొదలుపెట్టాను.